మిలిటరీ బ్యాండ్‌లో ట్యూబా సీటు: ఆడిషన్‌కి సిద్ధమయ్యే తీరు

ట్యూబా, అంటే మంద్రస్వరాలు పలికే పెద్ద ఇత్తడి ఊదుడు వాద్యం, పుట్టిందే సైనిక బ్యాండ్ కోసం. ప్రష్యాలో సైనిక బ్యాండ్లు నడిపిన విల్‌హెల్మ్ వీప్రెష్ట్, వాద్యాలు తయారుచేసే మోరిట్స్‌తో కలిసి 1835లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. బ్యాండ్‌కి కింద నుంచి గట్టిగా ఆనుకునే మంద్రస్వరం కావాలన్నదే అప్పటి అవసరం. ఆడిషన్‌లో వాయించేది ఎవరో కనిపించకుండా తెర అవతల కూర్చుని వినే ప్యానెల్ (ఎంపిక చేసేవాళ్లు) ఈనాటికీ అదే వెతుకుతుంది. గొప్ప సోలో వాయిద్యగాడి కన్నా ముందు, మిగతా బ్యాండంతా నమ్మి పైన నిలబడగల మనిషి వాళ్లకి కావాలి. అందుకే చాలామంది మొదటి రౌండ్‌లో పోయేది కష్టమైన స్వరం పలక్క కాదు. లయ జారడం వల్ల, శ్రుతి కదలడం వల్ల. సాధన కూడా ఆ లెక్కలోనే చేయాలి.

నోటీసు

బ్యాండ్ ఇచ్చే ఆడిషన్ నోటీసులో, వాయించాల్సిన సంగీతం జాబితా కన్నా ముందు మిగతా పేజీలు చదవండి. వయసు పరిమితి, పౌరసత్వం, ఎత్తుకు తగ్గ బరువు, వినికిడి పరీక్ష, పాత జబ్బుల వివరాలు అన్నీ అక్కడే ఉంటాయి. ఉబ్బసం లాంటిది గతంలో ఉంటే ముందే అడిగి తెలుసుకోండి. ఆడిషన్ గెలిచాక వైద్య పరీక్షలో ఆగిపోవడం కన్నా నష్టం లేదు. సైనిక శిక్షణ సంగతి బ్యాండ్‌ని బట్టి మారుతుంది. అమెరికాలో ‘ప్రెసిడెంట్స్ ఓన్’ మెరైన్ బ్యాండ్ సభ్యులకు ప్రాథమిక శిక్షణ ఉండదు. అదే దేశంలో సైన్యానికి చెందిన ‘పర్షింగ్స్ ఓన్’ బ్యాండ్‌లో చేరాలంటే 10 వారాల శిక్షణ తప్పదు. ట్యూబాతో పాటు స్ట్రింగ్ బాస్ కూడా వాయించాలని కొన్ని బ్యాండ్లు అడుగుతాయి. ఆ ఒక్క వాక్యం చూడకుండా వెళితే చిక్కే.

ఏ ట్యూబా

ట్యూబాలకి వాటి ఆధార శ్రుతిని బట్టే పేరు. బీ ఫ్లాట్ ట్యూబా గొట్టం పొడవు సుమారు 18 అడుగులు, సి ట్యూబాది 16, ఎఫ్ ట్యూబాది 12. ఆడిషన్ బిట్లలో (పెద్ద రచనల్లోంచి తీసి అడిగే చిన్న ముక్కల్లో) ఎక్కువ భాగం సి మీదో బీ ఫ్లాట్ మీదో నడుస్తాయి. కాన్సెర్టో లాంటి పై స్థాయి సోలోకి ఎఫ్ గానీ ఈ ఫ్లాట్ గానీ హాయిగా ఉంటుంది. రెండు వాద్యాలు తేవచ్చన్నారని రెండూ మోసుకెళ్లాలని లేదు. ఒకటి వాయిస్తున్నంతసేపూ రెండోది పక్కన చల్లబడుతూ ఉంటుంది. లోపలి గాలి ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గితే శ్రుతి దాదాపు 3 సెంట్లు దిగుతుంది (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం సెమీటోన్, అందులో నూరో వంతు సెంటు). పది డిగ్రీలు తగ్గితే తేడా ఎవరి చెవికైనా తెలిసిపోతుంది. రెండోది అందుకునే ముందు పెదాలు మోగించకుండా ఉత్త గాలి నిదానంగా నాలుగైదు సార్లు ఊది గొట్టాన్ని వెచ్చబెట్టండి. ఇక ఆడిషన్‌కి రెండు నెలల లోపు ఉంటే కొత్త వాద్యం, కొత్త మౌత్‌పీస్ జోలికి పోవద్దు. కంగారులో వేళ్లు పాత ఫింగరింగ్‌కే వెళతాయి.

శ్రుతి లెక్క

ట్యూబా శ్రుతి ఎందుకు తప్పుతుందో ఒక్కసారి లెక్కలో చూస్తే సగం అనుమానాలు తీరతాయి. వాల్వ్ నొక్కితే గాలి అదనపు గొట్టంలోంచి కూడా వెళ్లి స్వరం దిగుతుంది. మొదటి వాల్వ్ రెండు సెమీటోన్లు దించాలంటే గొట్టానికి 12.2 శాతం పొడవు కలపాలి. మూడోది మూడు సెమీటోన్లకు 18.9 శాతం కలుపుతుంది. రెండూ కలిపి నొక్కితే 31.1 శాతం వస్తుంది. కానీ ఐదు సెమీటోన్లు దిగడానికి కావలసింది 33.5 శాతం. అంటే గొట్టం పొట్టిదైపోయింది, స్వరం సుమారు 30 సెంట్లు ఎక్కింది. మూడు వాల్వ్‌లూ కలిపితే ఇంకా ఘోరం: 50 సెంట్లు దాటుతుంది, అంటే సగం సెమీటోన్ పైనే. వాల్వ్‌లు విడివిడిగా ఎంత సరిగ్గా ఉన్నా ఈ తేడా పోదు.

కాబట్టి 1+3కి బదులు నాలుగో వాల్వ్, 1+2+3కి బదులు 2+4 వాడండి. వాయిస్తూనే మొదటి వాల్వ్ స్లైడ్‌ని (లోపలికీ బయటికీ జరిగే గొట్టం ముక్కని) ఎడమ చేత్తో లాగడం అలవాటు చేసుకోండి. ఆ స్లైడ్ ఒక్క వేలితో కదిలేంత నున్నగా ఉండాలి. బిగుసుకుపోయిన స్లైడ్‌తో సరిదిద్దడం కుదరక పెదాలతో స్వరాన్ని కిందికి గుంజుతారు. దాంతో నాదం పలచబడుతుంది. శ్రుతి తప్పడాన్ని ప్యానెల్ ఒక్కోసారి క్షమించినా పలచబడ్డ నాదాన్ని క్షమించదు.

అడుగు స్వరాల దగ్గర శ్రుతి చూపే ట్యూనర్లు చాలావరకు తడబడతాయి, ముల్లు గంతులేస్తుంది. అక్కడ చెవే దిక్కు. షడ్జమం, పంచమం ఆగకుండా మోగే డ్రోన్ (శ్రుతిపెట్టె లాంటిది) పెట్టుకుని ప్రతి బిట్‌నీ సగం వేగంలో వాయించండి. డ్రోన్‌తో స్వరం కలిసినప్పుడు గరగర ఆగిపోతుంది.

బిట్లు

జాబితా బ్యాండ్‌ని బట్టి మారినా కొన్ని మాటిమాటికీ ఎదురవుతాయి.

వాగ్నర్ ‘రైడ్ ఆఫ్ ది వాల్కిరీస్’లో అందరూ బలం చూపించాలనుకుంటారు, పోయేది మాత్రం తాళంలో. అది 9/8, ప్రతి దెబ్బా తిస్రం, అంటే మూడు భాగాలు. అసలు ఆకారం డాటెడ్ ఎయిత్, సిక్స్‌టీన్త్, ఎయిత్. ఒక దెబ్బను ఆరు అక్షరాలుగా ‘తకిట తకిట’ అని పలకండి. మొదటి స్వరం మూడు అక్షరాలు నిలవాలి. రెండోది నాలుగో అక్షరం మీద పడి అక్కడే అయిపోవాలి. మూడోది ఐదూ ఆరూ అక్షరాలు పట్టాలి. అలసిపోయే కొద్దీ ఆ పొట్టి స్వరం ముందుకో వెనక్కో జరిగి, తిస్రం కాస్తా చతురశ్రం నడకలా వినిపిస్తుంది. తెర అవతల పెన్సిల్ కదిలేది సరిగ్గా అప్పుడే. వాద్యం పక్కనబెట్టి అక్షరాలు నోటితో చెబుతూ చేత్తో దెబ్బ వేయండి. తర్వాత ఒకే స్వరం మీద ఆ లయ ఊదండి. చివర్నే అసలు స్వరాలు.

‘మైస్టర్‌సింగర్’ ప్రెలూడ్‌లో చిక్కంతా దమ్ముది. వాక్యాలు పొడుగు, చివర ట్రిల్ (రెండు పక్కపక్క స్వరాల మధ్య వేగంగా ఊగడం). ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పేపర్ మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టి రోజూ అక్కడే తీసుకోండి. ఒక్కోరోజు ఒక్కోచోట తీసుకునేవాళ్లకి ఆడిషన్ రోజున ఎక్కడా సరిపోదు. కంగారులో దమ్ము తగ్గుతుంది కాబట్టి పక్కనే ఒక అదనపు గుర్తు కూడా బ్రాకెట్లో పెట్టుకోండి. ఊపిరి కోసం ముందు స్వరాన్ని కొంచెం కోయవచ్చు గానీ తర్వాతి దెబ్బ మాత్రం ఆలస్యం కాకూడదు.

బ్యాండ్ సంగీతంలోంచి హోల్స్ట్ ఈ ఫ్లాట్ ఫస్ట్ సూట్, 1909 నాటిది, అడిగే అవకాశం ఎక్కువ. దాని షకోన్ (మొదటి భాగం) మొదట్లో ఎనిమిది బార్ల (తాళం ఆవర్తాల) వరసను ట్యూబా, యూఫోనియం మాత్రమే వాయిస్తాయి, అదీ మెల్లగా. స్వరాలు తేలికే. మెల్లగా ఊదేటప్పుడు గాలి వేగం కూడా తగ్గించేస్తారు. స్వరం మొదలు గాలి చప్పుడుగా మారి శ్రుతి కదులుతుంది. శబ్దం తగ్గాలి, గాలి ఆగకూడదు.

ఇక మార్చ్, అంటే కవాతు సంగీతం. నిమిషానికి 120 అడుగులు, అంటే దెబ్బకి అర సెకను. బాస్ వరస చూడటానికి ఏమీ ఉండదు, అందుకే దాన్ని నిర్లక్ష్యం చేస్తారు. ప్యానెల్ వినేది ప్రతి స్వరం పొడవు ఒకేలా ఉందా అని. గట్టిగా వాయించేటప్పుడు పొడుగై, మెల్లగా వాయించేటప్పుడు పొట్టిదైతే బ్యాండ్ నడక కుంటుతుంది. స్వరాన్ని నాలుకతో తుంచకండి, ‘దట్’ అని మొండిగా తెగుతుంది. గాలి ఆపి ముగిస్తే చివర గుండ్రంగా ఉంటుంది, తర్వాతి స్వరానికి చోటూ దొరుకుతుంది.

సోలో మీ ఇష్టమంటే వాన్ విలియమ్స్ ట్యూబా కాన్సెర్టో (1954), హిండెమిత్ సొనాటా (1955) ఎక్కువగా వినిపిస్తాయి. తడుముకోకుండా వచ్చే చిన్న సోలో, తడబడే పెద్ద సోలో కన్నా మేలు.

ఎనిమిది వారాలు

మొదటి రెండు వారాలు పూర్తి స్కోర్ ముందు పెట్టుకుని రికార్డింగులు వినడం, సగం వేగంలో వాయించడం. పైన ఏ వాద్యం ఏం చేస్తోందో తెలియకపోతే మీ విరామాలు ఖాళీగా వినిపిస్తాయి. తర్వాతి మూడు వారాల్లో రోజుకి నాలుగైదు మెట్రోనోమ్ గీతల చొప్పున వేగం పెంచండి. అసలు వేగం దాటి ఒక పది గీతలు పైకి వెళ్లి మళ్లీ కిందికి రండి. ఆరో వారం నుంచి మెట్రోనోమ్‌ని నాలుగు బార్లకు ఒక్కసారే మోగేలా పెట్టండి. మధ్యలో మీరు జారుతున్నారో లేదో తేలిపోతుంది.

చివరి రెండు వారాలు నకిలీ ఆడిషన్లు. జాబితాలోని బిట్ల పేర్లు చీటీలు రాసి కలిపి తీయండి. మెట్లు రెండు అంతస్తులు పరుగున ఎక్కి దిగి, గుండె దడదడలాడుతుండగానే కూర్చుని మొదటి చీటీ వాయించండి. ఆడిషన్ గదిలో శరీరం ఉండే తీరుకి దగ్గరగా ఉండేది ఇదే. ఒక్కసారే వాయించాలి, రెండోసారి లేదు. రోజులో మొత్తం ఊదే సమయం మూడు గంటలు దాటితే పెదాలు వాస్తాయి. ఆఖరి రెండు రోజులు అందులో సగం చాలు.

ముందుగా పంపే రికార్డింగ్

ఫోన్ మైక్ ట్యూబా అడుగు స్వరాలను మింగేస్తుంది. వేరే మైక్ పెట్టండి, ఆటోమేటిక్ లెవెల్ ఆపేయండి. లేకపోతే మెల్లనివీ గట్టివీ ఒకేలా వస్తాయి, మీ డైనమిక్స్ అంతా వృథా. మైక్ రెండు మూడు మీటర్ల దూరంలో, బెల్ అంచు కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. సూటిగా బెల్ లోపలికి కాదు. గది మూలలో కూర్చోకండి, అడుగు స్వరాలు బొంగురుగా పేరుకుంటాయి. ఎడిట్ చేయొద్దంటే చేయొద్దు. అతికించిన చోట గది చప్పుడు మారడం ప్యానెల్ చెవికి ఇట్టే తెలుస్తుంది.

సైట్ రీడింగ్

సైట్ రీడింగ్ అంటే ముందెప్పుడూ చూడని సంగీతాన్ని చూస్తూనే వాయించడం. కొద్ది రిహార్సల్‌తో వేదిక ఎక్కే రోజులు మిలిటరీ బ్యాండ్‌లో మామూలే, అందుకే దీనికి బరువు ఎక్కువ. చూసుకోవడానికి అర నిమిషం ఇస్తే మొదటి బార్ దగ్గర ఉండిపోవద్దు. కీ సిగ్నేచర్, తాళం, మధ్యలో మారే చోట్లు, రిపీట్లు చూసి, అన్నిటికన్నా కష్టమైన బార్ వెతకండి. వేగం మీ చేతిలో ఉంటే ఆ బార్‌ని బట్టే నిర్ణయించుకోండి. స్వరం తప్పితే వదిలేయండి, లయ మాత్రం ఆగకూడదు. వెనక్కి వెళ్లి సరిదిద్దుకున్నవాడు కవాతులో అడుగు తప్పినవాడితో సమానం. స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) కింద అదనపు గీతలు నాలుగైదు ఉన్న స్వరాలను ఒక్క చూపులో గుర్తుపట్టడం రోజూ పది నిమిషాలు ప్రత్యేకంగా సాధన చేయండి.

ఆ రోజు

సంచిలో వాల్వ్ ఆయిల్, స్లైడ్ గ్రీజు, చిన్న స్క్రూడ్రైవర్, తుండుగుడ్డ, రెండు పెన్సిళ్లు, బిట్ల రెండో కాపీ. పిస్టన్ (కిందికి నొక్కే వాల్వ్‌ల) ట్యూబాకి ఒక అదనపు స్ప్రింగ్. రోటరీ (తిరిగే వాల్వ్‌లది) అయితే మీటల్ని వాల్వ్‌లకి కలిపే లింకేజి స్క్రూలు ప్రయాణంలో వదులవుతాయి, ముందురోజే బిగించండి. కుర్చీ ఎత్తు ఇంటి దగ్గరలా ఉండదు. మౌత్‌పీస్ పెదాల కన్నా కిందికి వస్తే తుండు మడిచి ట్యూబా కింద పెట్టండి. మెడ వంచి సర్దుకుంటే గొంతు నొక్కుకుని దమ్ము తగ్గుతుంది.

తెర ఉంటే మాట్లాడకూడదు. ఏదైనా అడగాలంటే పక్కనున్న సహాయకుడి చెవిలో చెప్పండి, అతనే అవతలకి చేరవేస్తాడు. ప్రతి బిట్ ముందు గొట్టంలో చేరిన నీళ్లు వదలండి, రెండు బార్లు మనసులో పాడుకుని వేగం పట్టుకోండి. తొందరపెట్టేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ‘కాస్త మెల్లగా’, ‘స్వరాలు పొట్టిగా’ అని అడిగితే తేడా కొట్టొచ్చినట్టు చూపించండి. బాగా వాయించిందే మళ్లీ అడిగారంటే చెప్పింది వింటారా లేదా అని చూస్తున్నారని అర్థం.

ఆఖరి రౌండ్‌లో తెర తీసి సెక్షన్‌తో కలిపి కూర్చోబెడతారు. అక్కడ పక్కవాళ్ల కన్నా గట్టిగా వినిపించాలనుకోవద్దు. వాళ్ల స్వరం మొదలు, ముగింపు, పొడవు పట్టుకుని అందులో కలిసిపోండి. కార్డ్‌లో (కలిసి మోగే స్వరాల్లో) మీకు మేజర్ థర్డ్, అంటే ఆధార స్వరానికి నాలుగు సెమీటోన్ల పైది, వచ్చిందంటే ట్యూనర్ చూపే చోటు కన్నా 14 సెంట్లు కిందికి ఉంచితేనే కలుస్తుంది. ఇంటర్వ్యూలో యూనిఫాం, కవాతులు, అంత్యక్రియల విధుల గురించి అడుగుతారు. భుజాన సూసాఫోన్ (నడుస్తూ వాయించే ట్యూబా) వేసుకుని నడవడం రాదంటే రాదనే చెప్పండి, నేర్పుతారు. రాకపోయినా ఎంపిక ఆగేది దానివల్ల కాదు. ఫలితం ఎటు వచ్చినా ప్యానెల్ రాసుకున్న వ్యాఖ్యలు ఇస్తారేమో అడగండి. వాటిలో ఇద్దరు ముగ్గురు ఒకే బార్ నంబర్ రాసి ఉంటే మర్నాటి సాధన ఆ బార్ నుంచే మొదలుపెట్టండి.