మీ అబ్బాయి కాలేజీ ఫుట్‌బాల్ కిక్కర్ అవుతానంటే: అమెరికాకి కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు

మనం ఫుట్‌బాల్ అనేదాన్ని ఇక్కడ సాకర్ అంటారు. ఇక్కడి ఫుట్‌బాల్‌లో కాలితో పని ఒకరిద్దరికే, వాళ్లలో ఒకడు కిక్కర్, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని పాయింట్లు తెచ్చేవాడు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సాకర్ ఆడి వచ్చిన పిల్లాడు టెక్సస్‌లో హైస్కూల్లో చేరగానే కోచ్ ఒకసారి కొట్టి చూపించమంటాడు, నాలుగు బంతులు స్తంభాల మధ్య నుంచి వెళ్తే చాలు, ఆ రాత్రే ఇంట్లో కాలేజీ స్కాలర్‌షిప్ మాట మొదలవుతుంది. మా ఇంట్లోనూ అలాగే మొదలైంది. మాకు ఆలస్యంగా తెలిసినవి మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

మొదట ఒక మాట: కోచ్ రమ్మన్నాడంటే డబ్బిస్తానన్నాడని కాదు. వాక్-ఆన్ అంటే జట్టులో ఉంటాడు, ప్రాక్టీస్ చేస్తాడు, అక్కడి భోజనం కూడా తింటాడు, కానీ ఆట పేరు మీద ఫీజులో ఒక్క డాలర్ తగ్గదు. ప్రిఫర్డ్ వాక్-ఆన్ అయితే చోటు ఉందని ముందే చెప్తారు, మామూలు వాక్-ఆన్ అయితే క్యాంపస్‌కి వెళ్లాక ట్రైఔట్‌లో నెగ్గాలి. కిక్కర్లలో చాలామంది వచ్చేది ఈ దారిలోనే. జార్జియా యూనివర్సిటీ కిక్కర్ రోడ్రిగో బ్లాంకెన్‌షిప్ కూడా వాక్-ఆన్‌గానే చేరాడు, 2017లో నోటర్ డామ్ మీద గెలిపించిన కిక్ కొట్టాకే స్కాలర్‌షిప్ వచ్చింది, 2019లో కిక్కర్లకిచ్చే లూ గ్రోజా అవార్డూ అతనికే వచ్చింది. పిల్లలకి ఈ కథ చెప్పండి, తప్పు లేదు. కానీ స్కాలర్‌షిప్ వచ్చేదాకా ఫీజు ఎలా కడతామో లెక్క వేసుకున్నాకే చెప్పండి.

కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, అందులో కాలేజీలు డివిజన్ 1, 2, 3 అని మూడు స్థాయిల్లో ఉంటాయి. పాత రోజుల్లో డివిజన్ 1 పైస్థాయి జట్టుకి 85 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటి బయట వాక్-ఆన్‌లు ఎంతమందైనా ఉండేవారు. 2025 జూన్‌లో హౌస్ కేసు (ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావా) సెటిల్‌మెంట్‌కి కోర్టు ఆమోదం వచ్చాక అందులో చేరిన యూనివర్సిటీల్లో స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి పోయింది, దాని బదులు జట్టు మొత్తానికే 105 మంది అని గీత గీశారు. సగం, పావు స్కాలర్‌షిప్‌లు ఇచ్చే వీలు కూడా వచ్చింది. వింటే బాగానే ఉంటుంది, కానీ ఇదివరకు 120 మంది దాటి ఉన్న జట్లు కూడా 105కి దిగాలి కాబట్టి మొదటి వేటు పడేది వాక్-ఆన్‌ల మీదే. అందుకే కోచ్‌ని అడగాల్సిన ప్రశ్న "మా వాడు నచ్చాడా" అని కాదు, "ఆ 105లో మా వాడి పేరుందా, కిక్కర్లు ఇంకా ఎంతమంది, వాళ్లు ఏ ఏడాదిలో ఉన్నారు" అని. జవాబు ఈమెయిల్‌లో రప్పించుకోండి. డివిజన్ 2లో జట్టంతా కలిసి 36 స్కాలర్‌షిప్‌ల విలువ పంచుకుంటుంది. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ లేదు, చదువుకి మాత్రం ఇస్తారు. మన పిల్లలకి నిజంగా కలిసొచ్చేది ఆ చదువు స్కాలర్‌షిప్పే, అది వాక్-ఆన్ కూడా హాయిగా తీసుకోవచ్చు.

ఇక వీసా. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకి ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు. ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుందో లేదో రాష్ట్రాన్ని బట్టి, యూనివర్సిటీని బట్టి ఉంటుంది. 21 నిండితే హెచ్-4 ఉండదు, విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి, ఆ వయసు సరిగ్గా కాలేజీ మధ్యలో వస్తుంది. ప్రకటనలకి డబ్బిస్తామని ఎవరైనా వస్తే, ఎఫ్-1 అయినా హెచ్-4 అయినా, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా సంతకం పెట్టనివ్వకండి.

ఆట సంగతి ఒకటి చెప్పాలి. శనివారాలు పొద్దున్నే మా వాడికి బంతి నేనే పట్టుకునేవాణ్ని, చూపుడువేలితో పైకొన నొక్కి నిలబెట్టి. హైస్కూల్లో బంతి కింద 2 అంగుళాల దిమ్మ పెట్టుకోనిస్తారు, కాలేజీలో 1989 నుంచి ఫీల్డ్ గోల్‌కి (స్తంభాల మధ్య నుంచి కొట్టే కిక్) దిమ్మ లేదు, నేల మీద నుంచే కొట్టాలి. గోల్ స్తంభాల మధ్య దూరం కూడా 23 అడుగుల 4 అంగుళాల నుంచి 18 అడుగుల 6 అంగుళాలకి తగ్గిపోతుంది. దిమ్మ తీసేసిన మొదటి రోజు పది బంతుల్లో ఆరు మనిషి చెయ్యెత్తితే తగిలేంత ఎత్తులోనే పోయాయి, వాడు బూటు చివర మట్టి చూసుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. కోచ్‌లకి పంపే వీడియోలు నేల మీద నుంచి కొట్టినవే పంపండి.

ట్రాన్స్‌ఫర్ మాట చాలామంది తేలిగ్గా అనేస్తారు. 2024 ఏప్రిల్ నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు కాలేజీ మారినా వెంటనే ఆడనిస్తున్నారు, నిజమే. కాలేజీలో ఆట నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి రాసిస్తే వాళ్లు రెండు పనిదినాల్లో పేరు పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) ఎక్కించాలి. కానీ అది ఎప్పుడు పడితే అప్పుడు కుదరదు, 2026లో ఫుట్‌బాల్‌కి ఆ కిటికీ జనవరి 2 నుంచి 16 వరకే తెరిచారు. పైగా పోర్టల్‌లో పేరు పెట్టడమంటే కొత్త ఇల్లు దొరక్కముందే ఉన్న ఇల్లు ఖాళీ చేస్తానని ఓనర్‌కి చెప్పేయడం లాంటిది, పాత కోచ్ ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు, ఉన్న స్కాలర్‌షిప్ ఆ సెమిస్టర్‌తో ఆపేయొచ్చు. చదువు సరిగ్గా ఉండటమంటే, రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తవ్వాలి. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ చదివేవాళ్లకి చిక్కు ఇక్కడే: కొత్త కాలేజీ పాత క్రెడిట్లు కొన్ని ఒప్పుకోకపోతే ఆ శాతం పడిపోతుంది, కాలు ఎంత బాగున్నా మైదానంలోకి దిగనివ్వరు. ఎఫ్-1 అయితే సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ నమోదు) రికార్డు కూడా మార్పించుకుని కొత్త కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం తీసుకోవాలి.

ఇంకా ఇండియాలోనే ఉన్నవాళ్లు ఒక పని చేయండి. డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటివి), వాటిలో 4కి 2.3 జీపీఏ కావాలి, ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ తొమ్మిదో తరగతి నుంచి మార్కులు అడుగుతుంది. అవి విమానం ఎక్కకముందే స్కూల్ ముద్రతో తీసుకోండి. మేము తీసుకోలేదు. మా నాన్నగారు రెండుసార్లు బస్సెక్కి స్కూల్‌కి వెళ్తే, మూడు నెలలకి వచ్చిందా మెమో.