పాత మణిపురి సినిమా: ఏది ముందు చూడాలి, ఎలా చూడాలి

మణిపురి సినిమా 1972 ఏప్రిల్ 9న 'మాతమ్‌గీ మణిపూర్'తో మొదలైంది. అలాగని మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టనక్కర్లేదు. అరిబం శ్యాం శర్మ తీసిన రెండు సినిమాలు చాలు: ముందు 'ఇమాగీ నింగ్‌థెమ్' (1981), తర్వాత 'ఇషానౌ' (1990). రెండింటి రచయిత్రీ రాజకుటుంబపు ఆడపడుచు ఎం.కె. బినోదినే.

వెతికేటప్పుడు సినిమా పేరు పక్కన దర్శకుడి పేరు, సంవత్సరం కూడా కొట్టండి. ఉత్త 'మణిపురి సినిమా' అని కొడితే డిజిటల్ చిత్రాలే వరసగా వస్తాయి. 2000లో ఓ సాయుధ సంస్థ హిందీ సినిమాలు ఆడనివ్వకపోవడంతో అవి పుట్టుకొచ్చాయి. ఇషానౌకి బాగుచేసిన ప్రింటు ఉంది, 2023లో కాన్ చిత్రోత్సవంలో పాత సినిమాల విభాగమైన కాన్ క్లాసిక్స్‌లో వేశారు. దొరికితే అదే చూడండి.

ఇమాగీ నింగ్‌థెమ్ ఇంటి కథ. తల్లి లేని పిల్లవాడు థోయిథోయి, వాణ్ని ఇంటికి తెచ్చుకునే తండ్రి భార్య. సబ్‌టైటిల్ ఒకటీ అరా తప్పినా కథ చేజారదు, అందుకే ముందు ఇది. 1982లో ఫ్రాన్స్‌లోని నాంట్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి దీనికే వచ్చింది.

మనవాళ్లు తడబడేది ఇషానౌ దగ్గర. భర్త, కూతురుతో హాయిగా ఉన్న తంఫా ఉన్నట్టుండి పూలతో మాట్లాడుతుంది, రాత్రివేళ ఇల్లు విడిచి పరుగెడుతుంది. దయ్యం పట్టిందనో, మతి చలించిందనో అనుకున్నారా, సగం సినిమా పోయినట్టే. దేవత ఆమెను మైబీగా, అంటే పూజారిణిగా, పిలుస్తోంది. బోనాల్లో రంగం చూసినవాళ్లకు ఇది కొంత తెలిసిన సంగతే. కాకపోతే రంగం ముగిశాక మనిషి ఇంటికి వెళ్తుంది. తంఫా ఇల్లే వదిలి గురువు దగ్గర చేరుతుంది. మణిపురి నాట్యమంటే రాసలీల అనుకునేవారికి వైష్ణవం రాకముందటి మైతేయిల (మణిపూర్ ప్రధాన జాతివారి) కొలువు కనిపించేది ఇక్కడే.

అందుకే సినిమాకు ముందు మైతేయి దేవతల పండుగైన లాయ్ హరావోబా వీడియో ఒకటి పది నిమిషాలు చూడండి. తెల్లబట్టల మైబీలు, పక్కనే పెనా మోత. పెనా అంటే ఒంటితీగ వాద్యం, కమానుతో వాయిస్తారు. ఆ మోత చెవికి అలవాటైతే సినిమాలో పాటల అర్థం అందకపోయినా ఎవరు ఎవరిని పిలుస్తున్నారో పోల్చుకోవచ్చు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, ఫోన్ స్పీకర్లో పెనా కీచుమంటుంది. 1.5 వేగం మాత్రం వద్దే వద్దు. మైబీల అడుగు నెమ్మదైనది, వేగం పెంచితే గెంతులాట అయిపోతుంది.