హైదరాబాద్ మారథాన్, పిల్లలతో పార్కు ఒకే ట్రిప్పులో: ఎలా ప్లాన్ చేయాలి?

ఆగస్టు నెలాఖరు దగ్గర పడుతుంటే మా ఇంటికి చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. విజయవాడ నుంచి బావ, రాజమండ్రి నుంచి పిన్ని కొడుకు. అందరిదీ ఒకటే మాట: "ఎలాగూ పరుగుకి వస్తున్నాం, పిల్లల్ని కూడా తెస్తాం, పనిలో పనిగా వండర్‌లానో ఫిల్మ్ సిటీనో చూపించేద్దాం." ఆలోచన మంచిదే. ఆరేళ్లుగా నేను ఈ ట్రిప్పు చేస్తున్నాను, నలుగురి చేత చేయిస్తున్నాను కూడా. కానీ ఎన్నిసార్లు చెప్పినా ఎవరో ఒకరు అదే తప్పు చేస్తారు. పరుగుకీ పార్కుకీ మధ్య ఒళ్లు తేరుకునే టైమ్ ఇవ్వరు.

పరుగు ఆదివారం, పార్కు సోమవారం. మిగతా ప్లానంతా దీని చుట్టూనే అల్లుకోవాలి.

1. రిజిస్ట్రేషన్, సెలవు

హైదరాబాద్ మారథాన్ 2011లో మొదలైంది. ఈమధ్య ఏళ్లలో శనివారం 5 కిలోమీటర్ల ఫన్ రన్, ఆదివారం 10 కిలోమీటర్లు, హాఫ్, ఫుల్ పెడుతున్నారు. పిల్లలతో పార్కు కూడా చూడాలనుకునేవాళ్లు హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు, దాటకూడదు. మొదటిసారి ఫుల్ చేసేవాళ్లయితే ఆ ఏడాదికి పార్కు ఊసు ఎత్తొద్దు.

సోమవారానికి ఆఫీసులో, బడిలో ముందే సెలవు చెప్పండి. ఆ సోమవారం కృష్ణాష్టమి లాంటి సెలవు పడిందేమో క్యాలెండర్ చూసుకోండి. పడితే పార్కులో జనం కిక్కిరిసి ఉంటారు, మంగళవారానికి జరపండి.

2. బస

హాఫ్, ఫుల్ నెక్లెస్ రోడ్‌లోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలిలో ముగుస్తాయి. ఊరి బయట నుంచి వచ్చేవాళ్లంతా స్టార్ట్‌కి దగ్గరని లక్డీకాపూల్‌లోనో ఖైరతాబాద్‌లోనో గది తీసుకుంటారు. తప్పు. గది గచ్చిబౌలి వైపే ఉండాలి. తెల్లవారుజామున మూడున్నరకి నెక్లెస్ రోడ్‌కి రావడం కష్టమేమీ కాదు, రోడ్లు ఖాళీగా ఉంటాయి, ఒంట్లో ఓపిక ఉంటుంది. పరుగు అయ్యాక చెమట బట్టలతో, సగం దారులు మూసేసిన ట్రాఫిక్‌లో ఊరు దాటి వెనక్కి వెళ్లడమే నరకం. పైగా సోమవారం పార్కుకి వెళ్లే ఔటర్ రింగ్ రోడ్డు గచ్చిబౌలి నుంచి పక్కనే.

ఆదివారం రాత్రికి కూడా గది బుక్ చేయండి. ఒకసారి మేం దిగిన హోటల్‌లో పన్నెండింటికల్లా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు పిల్లలు, నాలుగు బ్యాగులు, మెట్లు దిగలేని నేను లాబీలో మూడు గంటలు కూర్చున్నాం.

3. బ్యాగు

పాత బూట్లు, పాత సాక్సులు, వాజెలిన్, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, చెప్పులు, ఒక తువ్వాలు. బూట్లు కొత్తవి వద్దు. పరుగుకి వేసుకునే పాలిస్టర్ టీషర్టు, షార్ట్స్ ఇంకో జత పెట్టుకోండి, వండర్‌లా నీళ్ల రైడ్లలోకి కాటన్ బట్టలతో రానివ్వరు కాబట్టి అక్కడికీ అవే పనికొస్తాయి.

ఓఆర్ఎస్ గురించి ఒక్క మాట. మందుల షాపులో దొరికే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే కొనండి. 20.5 గ్రాముల ప్యాకెట్టుని సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. అట్టడబ్బాల్లో వచ్చే తీపి డ్రింకులు ఓఆర్ఎస్ కావు. వాటి మీద ఆ పేరు వాడకూడదని మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు తీసేయమని ఆదేశించింది.

4. శనివారం

పొద్దున్నే ఎక్స్‌పోకి, అంటే మారథాన్ వాళ్లు పరుగు సామాను ఇచ్చే చోటికి, వెళ్లి బిబ్ (చొక్కాకి తగిలించుకునే నంబరు చీటీ) తీసుకోండి, పరుగు రోజున ఇవ్వరు. మధ్యాహ్నం నుంచి కాళ్లు చాపుకుని కూర్చోండి. రాత్రి ఏడింటికల్లా పప్పన్నం, చారు, పెరుగు. హైదరాబాద్ వచ్చాం కదా అని బిర్యానీకి బయల్దేరొద్దు, అది సోమవారం రాత్రికి.

శనివారమే పార్కు చూసేద్దామని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ఏడెనిమిది గంటలు క్యూల్లో నిలబడి, స్టాళ్లలో దొరికింది తిని, రాత్రి పదింటికి గదికి చేరి, రెండున్నరకి లేస్తే మొదటి ఫ్లైఓవర్ మీదే తెలిసిపోతుంది. మా బావ అయితే ఫ్లోరిడా డిస్నీ వీడియోలు చూపిస్తాడు. అక్కడ జనవరిలో 5కె, 10కె, హాఫ్, ఫుల్ నాలుగు రోజులు వరసగా పరిగెత్తి, మధ్యాహ్నాలు పార్కుల్లో తిరుగుతారు. మొత్తం 78 కిలోమీటర్లు. నిజమే. కానీ వాళ్లు వరస రోజుల్లో పరిగెత్తడం నెలల ముందు నుంచే సాధన చేసి వస్తారు. అక్కడ పరుగు దారే పార్కుల మధ్య నుంచి పోతుంది. మనకి ఆగస్టు ఉక్క, ఎత్తుపల్లాల దారి, పార్కేమో ఊరి అవతల. దానికీ దీనికీ పోలిక పెట్టకండి.

5. ఫినిష్ గీత నుంచి సోమవారం పొద్దుటిదాకా

అసలు కష్టం ఇక్కడే. దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి.

గీత దాటగానే ఆగిపోవద్దు, కూర్చోవద్దు, పడుకోవద్దు. పరిగెత్తేటప్పుడు పిక్కలు బిగుసుకుంటూ వదులవుతూ కాళ్లలోని రక్తాన్ని గుండెకి తోస్తుంటాయి. ఒక్కసారిగా ఆగితే ఆ రక్తం కాళ్లలోనే నిలిచి, బీపీ పడిపోయి, కళ్లు తిరుగుతాయి. గీత దాటిన పది అడుగుల్లో కుప్పకూలే వాళ్లని ప్రతి ఏడూ చూస్తున్నాను. మెడల్ వేయించుకుని పావుగంట నెమ్మదిగా నడవండి. ఫొటోలు తర్వాత. నడుస్తుండగానే కళ్లు తిరిగినట్టు అనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా వెల్లకిలా పడుకుని, కాళ్లు ఎత్తి పెట్టించుకుని, మెడికల్ టెంట్ వాళ్లని పిలిపించండి.

తర్వాత నీళ్లు. దాహం వేసినంత తాగండి, అంతకు మించి కాదు. చెమటలో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదకి తెస్తుంది. కలిపి ఉంచిన ఓఆర్ఎస్ గంటలో కొద్దికొద్దిగా తాగండి. తలనొప్పి, వాంతులు, మాట తడబడడం కనిపిస్తే అలసటే కదా అని గదికి తీసుకుపోవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నొప్పి బిళ్ల వేసుకోవద్దు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్ లాంటివి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలకి దెబ్బ. మధ్యాహ్నం మూత్రం రంగు చూసుకోండి. టీ డికాక్షన్ రంగులో వస్తే ఆ రోజే డాక్టరుని కలవాలి, పార్కు సంగతి మర్చిపోవాలి.

ఇప్పుడు మా బావ సంగతి. నాలుగేళ్ల కిందట హాఫ్ తొమ్మిది లోపు ముగించాడు, మంచి ఊపు మీద ఉన్నాడు. "బావా, ఇవాళ పడుకోండి, రేపు పోదాం" అన్నాను. "ఏం కాదులే, కాళ్లు చక్కగా ఉన్నాయి, పిల్లలు ఎదురుచూస్తున్నారు" అని ఒంటి గంటకల్లా పార్కులో ఉన్నాడు. అలల కొలనులో ఛాతీ లోతు నీళ్లలో రెండు పిక్కలూ ఒకేసారి పట్టేశాయి. మనిషి నిలబడలేకపోయాడు. చెయ్యి పట్టుకుని ఉన్నది ఎనిమిదేళ్ల మా మేనకోడలు. లైఫ్‌గార్డు చూశాడు కాబట్టి సరిపోయింది. ఆ పిల్ల మొహం నాకింకా గుర్తుంది. ఈ వ్యాసం రాస్తున్నది కూడా అందుకే.

పరుగు ముగిసిన కొన్ని గంటలు ఒళ్లు ఇచ్చే ఊపు నమ్మదగ్గది కాదు. బీపీ తక్కువగా ఉంటుంది, నీరూ ఉప్పూ ఇంకా నిండలేదు, రాత్రి నిద్ర మూడు గంటలే. ఆ స్థితిలో తలకిందులు చేసే రైడ్లు ఎక్కితే వాంతి గ్యారంటీ.

"కండరాల నొప్పి రెండో రోజే ఎక్కువ కదా, అలాగైతే ఆదివారమే నయం కదా" అని ఒక తమ్ముడు వాదించాడు. నొప్పి విషయంలో అతను చెప్పింది నిజమే, 24 నుంచి 72 గంటల మధ్య అది ముదురుతుంది. కానీ నొప్పి భరించొచ్చు, దానికి తగ్గట్టు మెల్లగా నడవొచ్చు. కళ్లు తిరగడం, నీళ్లలో పిక్క పట్టడం చెప్పి రావు. సోమవారానికి నొప్పి మిగిలినా, ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

కాబట్టి ఆదివారం ఇలా గడపండి. గంట లోపు ఇడ్లీయో ఉప్మాయో, మధ్యాహ్నం కడుపునిండా అన్నం, రెండు గంటలు నిద్ర, సాయంత్రం ఇరవై నిమిషాల నడక. ఒరుసుకున్న చోట్ల, బొబ్బల మీద మందు రాయండి. చితికిన బొబ్బ ఉంటే సోమవారం కొలనులోకి దిగొద్దు. క్లోరిన్ నీళ్లలో ఆ మంట తట్టుకోలేరు, పుండు కూడా ముదురుతుంది. పిల్లలకి విసుగొస్తే ఇంట్లో పరిగెత్తని వాళ్లు ఎవరైనా బయట తిప్పుకొస్తారు.

6. సోమవారం: ఏ పార్కు?

10 కిలోమీటర్లు పరిగెత్తిన వాళ్లు వండర్‌లాకి వెళ్లండి. రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్‌లో దిగాలి. హాఫ్ చేసినవాళ్లు రామోజీ ఫిల్మ్ సిటీకే వెళ్లాలి. కారణం మెట్లు. మన మారథాన్ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి, ఆ దిగడంలోనే తొడ కండరాలు ఎక్కువ దెబ్బతింటాయి. నీటి జారుడుబల్లలకి ప్రతిసారీ మెట్లెక్కాలి, రైడ్ల దగ్గర దిగాలి. ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాలున్నా బస్సులో తిప్పుతారు, షోలు కూర్చుని చూడొచ్చు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ దిగి విజయవాడ హైవే ఎక్కితే వచ్చేస్తుంది.

గేటు తెరిచే టైమ్‌కి చేరండి. పెద్ద రైడ్లు మధ్యాహ్నం భోజనానికి ముందే ముగించండి. మెట్లు దిగాల్సి వస్తే రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి దిగండి. నీళ్లలో నడుము లోతు దాటొద్దు, పిల్లల చెయ్యి పరిగెత్తని పెద్దవాళ్లు పట్టుకోవాలి. నాలుగున్నరకి బయటికి వచ్చేయండి.

తిరుగు ప్రయాణంలో కారు మీరు నడపొద్దు. క్లచ్ తొక్కే ఎడమకాలి పిక్క ఏ క్షణాన పడుతుందో తెలీదు, ఔటర్ మీద ఎక్కడపడితే అక్కడ ఆపే వీలుండదు. స్టీరింగ్ ఇంకొకరికి ఇచ్చి, ముందు సీటు వెనక్కి జరుపుకుని, కాళ్లు చాపుకుని కూర్చోండి.