అద్దం ఒక్కటే నమ్మి లేన్ మారకండి
సాయంత్రం అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి వైపు బండి మీద వెళ్లేవాళ్లకి ఒక మాట. బైక్ అద్దాలు చాలావరకు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి, అందుకే వెనకొచ్చే కారు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. పక్కనే ఆనుకుని వచ్చే ఆటో అయితే అసలు కనిపించదు. ముందు ఇండికేటర్ వేసి, రెండు మూడు సెకన్లు ఆగి, తల తిప్పి భుజం మీదుగా చూశాకే మెల్లగా జరగండి. నేనోసారి చూడకుండా కుడికి తిప్పితే ఆటో నా మోచేతిని రాసుకుంటూ పోయింది. ఆ డ్రైవర్ తిట్లు ఇక్కడ రాయలేను! సిటీ బస్సు పక్కన ఇంకో లెక్క: దాని అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనిపించకపోతే, మీరూ ఆయనకు కనిపించనట్టే. ఎడమవైపు బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందులోకి మాత్రం దూరొద్దు, స్టాప్ రాగానే బస్సు అటే వస్తుంది.