ట్రాన్స్‌పోజ్ బటన్ లేకుండా: పియానో ప్రొఫిషియెన్సీకి తయారవ్వడం

అమెరికా యూనివర్సిటీల్లో సంగీతం డిగ్రీలో చేరితే, మీది గాత్రమైనా వయొలినైనా సరే, చాలాచోట్ల పియానో ప్రొఫిషియెన్సీ పరీక్ష, అంటే పియానో మీద కనీస ప్రావీణ్యం ఉందో లేదో చూసే పరీక్ష, గట్టెక్కాలి. మా పర్లాకిమిడిలో చర్చి కీబోర్డు మీద చెయ్యి తిరిగిన పిల్లలు ‘అదెంత, మాస్టారూ’ అంటారు. ధీమా మంచిదే. ముందు ఆ ట్రాన్స్‌పోజ్ బటన్ (నొక్కే మెట్లు అవే ఉన్నా మోగే శ్రుతిని మార్చేసేది) మీద ప్లాస్టర్ ముక్క అంటించండి.

పాడేవాళ్లు ‘సి షార్ప్’ అనగానే బటన్ నొక్కి సి లోనే లాగించేయడం మనకి అలవాటు. ఆ పరీక్షలో చిన్న మెలడీ ఇచ్చి, ఎడమచేత్తో తగిన కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) కట్టమంటారు, దాన్నే వేరే శ్రుతిలో అప్పటికప్పుడు వాయించమంటారు. కర్ణాటక సంగీతం కాస్తోకూస్తో వచ్చినవాళ్లకి ఇక్కడ కలిసొస్తుంది. మేజర్ స్కేలు మన శంకరాభరణమే, హార్మోనిక్ మైనర్ కీరవాణి. మెలడీని సి, డి, ఇ అని కాకుండా స, రి, గ అని మనసులో పాడుకుంటే షడ్జం ఎక్కడికి జరిపినా చెయ్యి తడబడదు.

కార్డ్స్ మార్చేటప్పుడు చెయ్యి ఎత్తి గెంతకండి. కుడిచేత్తో సి-ఇ-జి పట్టుకోండి. ఎఫ్ కార్డ్‌కి సి మీద వేలు కదపకుండా మిగతా రెండూ పైకి జరిపితే సి-ఎఫ్-ఎ. జి సెవెన్త్‌కి ఎఫ్ అక్కడే ఉంటుంది. సి కాస్తా బి అవుతుంది, ఎ కిందికి దిగి జి అవుతుంది. మళ్లీ సి-ఇ-జి. ఎడమచేత్తో సి, ఎఫ్, జి, సి. ఇది పన్నెండు శ్రుతుల్లోనూ రావాలి. నన్నడిగితే సగం పరీక్ష ఇదే.

స్కేళ్లు రెండు చేతులతో, రెండు ఆక్టేవులు (స్థాయిలు). పైకి వెళ్లేటప్పుడు సి మేజర్‌లో కుడిచేతి బొటనవేలు మొదటిసారి మూడో వేలి కిందనుంచి దూరుతుంది. ఎఫ్ మేజర్‌లో మాత్రం నాలుగో వేలయ్యాకే, ఎందుకంటే బి ఫ్లాట్ నల్లమెట్టు మీద ఆ వేలే పడాలి.

సైట్ రీడింగ్‌కి, అంటే ముందు చూడని నొటేషన్ని అప్పటికప్పుడు చదువుతూ వాయించడానికి, ఒకటే నియమం: తప్పు పడితే వెనక్కి వెళ్లకూడదు, తాళం ఆగకూడదు. కొన్నిచోట్ల స్కోర్ రీడింగ్ (వేర్వేరు వాద్యాలకి రాసిన నొటేషన్ని పియానో మీద వాయించడం) కూడా ఉంటుంది. క్లెఫ్ అంటే ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు; వయోలా ఆల్టో క్లెఫ్‌లో మధ్య గీత మీదున్నది మిడిల్ సి, అంటే పియానో మధ్యలో ఉండే సి. బి ఫ్లాట్ క్లారినెట్‌కి సి అని రాస్తే మోగేది బి ఫ్లాట్.

88 మెట్ల పియానో కొనలేకపోతే దిగులు వద్దు, స్కేళ్లకీ కార్డ్స్‌కీ 61 మెట్లు సరిపోతాయి. టచ్ సెన్సిటివ్ (మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా మోగేది) మాత్రం అయి ఉండాలి. ఎలాగూ కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీలతో నడిచేదైతే మేలు. ఏమేం అడుగుతారో ఒక్కో యూనివర్సిటీది ఒక్కో తీరు. డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్ ముందే చదవండి. సంగీతం గ్రేడ్ పరీక్షల సర్టిఫికెట్ చూపిస్తే వదిలేస్తారనుకోవద్దు, చాలాచోట్ల వెళ్లగానే కూర్చోబెట్టి వాయించమంటారు.