రొమ్ము సైజు పెంచే ఆపరేషన్: సైజు, చోటు, కోత ఎలా తేల్చుకోవాలి?

విశాఖలో ప్లాస్టిక్ సర్జరీ వార్డులో పదకొండేళ్లు నర్సుగా చేసి, మా ఆయన బదిలీతో ఒడిశాలోని రాయగడ వచ్చాను. ఇక్కడి తెలుగువాళ్లలో ఎవరికి ఈ ఆపరేషన్ ఆలోచన వచ్చినా ఇంట్లో చెప్పలేక చాటుగా నా దగ్గరకే వస్తారు. అందరూ చేసే తప్పు ఒకటే. ఫోన్‌లో ఎవరిదో ఫొటో చూపించి "అక్కా, ఇలా కావాలి" అంటారు.

కాగితాల పని సులువు. డాక్టర్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉండాలి. బోర్డు మీద కాస్మెటిక్ అని రాసుకుంటే చాలదు. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందేమో, మీరు ఏ మందులు వాడుతున్నారో రాసి పట్టుకెళ్లండి. గుడాకు అనే పొగాకు ముద్దతో పళ్లు తోమే అలవాటుంటే సిగ్గుపడకుండా చెప్పండి. అందులో ఉండేదీ నికోటినే, గాయాన్ని మాననివ్వదు. కనీసం నాలుగు వారాల ముందే మానేయాలి.

తర్వాత అద్దం ముందు నిలబడండి. చనుమొన రొమ్ము కింది మడత కంటే దిగువకు జారిందా? అలాగైతే ఇంప్లాంట్ (సైజు పెంచడానికి లోపల పెట్టే సంచి) ఒక్కటే పెట్టి లాభం లేదు, ఆ బరువుకు ఇంకా జారుతుంది. పైకెత్తే ఆపరేషన్ కూడా కావాలి, దానికి మచ్చలు ఎక్కువ. పిల్లలకు పాలిచ్చిన వాళ్లలో సగం మందికి నేను ముందు చెప్పేది ఇదే. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆగండి. కాన్పు తర్వాత ఆకారం ఎలాగూ మారుతుంది.

ఇంప్లాంట్‌లో సిలికాన్ జెల్ ఒక రకం, ఉప్పునీరు నింపేది ఇంకో రకం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అందం కోసం పెట్టుకునే సిలికాన్‌కు 22 ఏళ్లు, ఉప్పునీటి దానికి 18 ఏళ్లు నిండాలంటుంది. పొట్ట దగ్గరి కొవ్వు తీసి ఎక్కించే పద్ధతీ ఉంది. అందులో కొంత ఒంట్లోనే కరిగిపోతుంది కాబట్టి కొద్దిపాటి మార్పుకే పనికొస్తుంది.

ఇక అసలు చిక్కు సైజు దగ్గర. దుకాణంలో బ్రా కప్పు అడిగినట్టు అడిగితే కుదరదు. కప్పు కొలత కంపెనీకో తీరు, ఇంప్లాంట్‌ను సీసీల్లో, అంటే మిల్లీలీటర్లలో లెక్కేస్తారు. అయినా సీసీల కంటే ముందు చూడాల్సింది మీ రొమ్ము వెడల్పు. డాక్టర్ టేపు పెట్టి కొలుస్తారు. పదకొండు సెంటీమీటర్ల చోట పదమూడు సెంటీమీటర్ల ఇంప్లాంట్ పెడితే చంకలోకైనా జరుగుతుంది, మధ్యలో రెండూ కలిసిపోయినట్టయినా ఉంటుంది.

గుణుపురం నుంచి ఒకమ్మాయి వచ్చింది, సన్నటి మనిషి. నేను తీసుకెళ్లిన డాక్టర్ కొలిచి "ఇంత పెద్దది నీకు పట్టదమ్మా" అన్నారు. అలిగి, అడిగినంతా పెడతామన్న ఇంకో చోటికి పోయింది. రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ కోయించుకుంది.

టేపు తర్వాత వేళ్లు. రొమ్ము పైభాగాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి మందం చూస్తారు. రెండు సెంటీమీటర్లు కూడా రాకపోతే ఇంప్లాంట్‌ను ఛాతీ కండరం కింద పెట్టడమే మంచిది, లేకపోతే అంచు పైకి తేలి కనిపిస్తుంది. కండరం కింద పెడితే మొదట్లో నొప్పి ఎక్కువ, బరువెత్తినప్పుడు రొమ్ము కదిలినట్టు కనిపించొచ్చు. కండరం పైన, పాలగ్రంథి కింద పెడితే త్వరగా కోలుకుంటారు. వేళ్లతో పట్టి చూడకుండా ఎక్కడ పెట్టాలో చెప్పేసే డాక్టర్ దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

ఇంట్లో ఒక పని చేయండి. పిల్లల పాలసీసాలో 250 గీత దాకా బియ్యం పోసి, పాత నైలాన్ సాక్స్‌లో కట్టి, అలాంటివి రెండు బ్రాలో పెట్టుకుని రెండు రోజులు వంట చేయండి, మెట్లెక్కండి. లోపల పెట్టాక అచ్చం ఇలాగే కనబడదు గానీ అంత పొడుచుకొచ్చి ఉంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది. కంప్యూటర్లో చూపించే త్రీడీ బొమ్మ మీ జాకెట్టులో ఇమడదుగా! రెండో రోజు సాయంత్రానికి సగం మంది సాక్స్‌లోంచి గుప్పెడు బియ్యం తగ్గించేస్తారు.

కోత మాత్రం రొమ్ము కింది మడతలోనే వేయించుకోవాలి. చనుమొన చుట్టూ కోస్తే పాలనాళాలకు, స్పర్శకు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. చంకలో కోస్తే రేపు సరిచేయాల్సి వచ్చినప్పుడు చాలాసార్లు ఇంకో కోత తప్పదు. ఇంప్లాంట్ పైపొర నున్నగా ఉన్నదే అడగండి. గరుకు పొర ఉన్నవాటి చుట్టూ లింఫోమా అనే ఒక అరుదైన క్యాన్సర్ వస్తోందని 2019లో ఎఫ్‌డీఏ అడిగితే అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది.

ఖర్చు లెక్కేసేటప్పుడు రెండో ఆపరేషన్‌కూ పక్కన పెట్టుకోండి. ఇంప్లాంట్ జీవితాంతం ఉండేది కాదు. చుట్టూ పొర గట్టిపడి బిగుసుకోవచ్చు, చిరగొచ్చు. సిలికాన్ చిరిగితే పైకి తెలియదు. అందుకే పెట్టించుకున్న అయిదారేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ చేయించమంటారు. మామోగ్రామ్‌కు వెళ్తే ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పాలి.

ఇంటికొచ్చాక ఆరు వారాలు బిందె ఎత్తొద్దు. డిశ్చార్జి రోజు ఇంప్లాంట్ కంపెనీ, సైజు, సీరియల్ నంబరు ఉన్న కార్డు చేతిలో పడేదాకా ఆసుపత్రి గడప దాటకండి. మళ్లీ దానికోసం విశాఖ రైలెక్కి తిరిగినవాళ్లను చూశాను. ఫైల్ పాతదైంది, దొరకడం లేదన్నారట.