తిట్లు తుపాకీకి, తప్పు మ్యాగజైన్‌ది: పాత సబ్‌మెషిన్ గన్ల సమస్యలు, పరిష్కారాలు

మన దగ్గర పోలీసు చేతిలో ఏ కార్బైన్ కనిపించినా ‘స్టెన్‌గన్’ అనేస్తాం. పాత పేపర్లు ఆ మాటను అంతగా అలవాటు చేశాయి. అసలు స్టెన్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు చేసిన సబ్‌మెషిన్ గన్, అంటే పిస్టల్ తూటాలను వరసగా కాల్చే చిన్న తుపాకీ. దాన్ని మోసుకు తిరిగిన సైనికుల నోట మాత్రం దాని గురించి మంచిమాట తక్కువ. అవసరానికి పేలదు, మొదలుపెడితే మధ్యలో ఆగుతుంది, కింద పడితే దానంతట అదే పేలుతుంది. ఈ మూడోది తుపాకీ తప్పే. మొదటి రెండింట్లో మాత్రం చాలాసార్లు దోషి పక్కన తగిలించిన తూటాల రేకు పెట్టె, అంటే మ్యాగజైన్.

కింద చెప్పేవన్నీ 1939 నుంచి 1950ల దాకా రకరకాల సైన్యాలు పడిన తిప్పలు. పైకి ఏం కనిపించింది, లోపల ఏం జరిగింది, దానికి సైనికుడో ఫ్యాక్టరీయో ఏం చేశారు అన్న వరసలో చూద్దాం. యుద్ధ చరిత్ర పుస్తకాల్లో ‘తుపాకీ జామ్ అయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క వెనక ఉన్న సంగతి ఇది.

సైన్యంలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్ ఎవరైనా ముందు చేసే పని ఒకటే: మ్యాగజైన్ మార్చి చూడటం. వేరేది పెడితే సరిగ్గా నడిచిందా, తుపాకీని విప్పే పనే లేదు.

సమస్య: నాలుగు తూటాలు పేలి ఆగిపోతోంది (స్టెన్, ఎంపీ40)

యుద్ధకాలపు ఫిర్యాదుల్లో పెద్దన్న ఇదే. తిరుమల క్యూలో రెండు వరసలు కలిసి ఒకే గేటు దగ్గరికి వచ్చే చోటు గుర్తు తెచ్చుకోండి. వెనక నుంచి తోపులాట, ముందు ఒక్కరికే దారి. స్టెన్ మ్యాగజైన్ లోపల జరిగేది అచ్చం ఇదే. 32 తూటాలు రెండు వరసల్లో పేర్చి ఉంటాయి. మూతి దగ్గరికి వచ్చేసరికి రెండు వరసలూ ఒకటైపోయి, ఒక్కో తూటా బయటికి రావాలి. జర్మన్ ఎంపీ28 తరహా మ్యాగజైన్‌నే బ్రిటిష్ వాళ్లు తీసుకున్నారు. జర్మన్లు తమ ఎంపీ40కీ ఇదే పద్ధతి వాడారు. అంటే ఎదురెదురుగా నిలబడి కాల్చుకున్న రెండు సైన్యాల తలనొప్పీ ఒకటే.

కారణం ఒక్కటి కాదు. ఆ ఇరుకు చోట రాపిడి ఎక్కువ. కాస్త దుమ్ము చేరినా, రేకుకు చిన్న సొట్ట పడినా తూటా ఇరుక్కుంటుంది. మూతికి రెండు వైపులా ఉండే అంచులు తూటాను సరైన కోణంలో పట్టి ఉంచాలి. మ్యాగజైన్ రాయి మీద పడి ఆ అంచు వెంట్రుకవాసి వంగినా, తూటా ముక్కు బ్యారెల్ రంధ్రంలోకి కాకుండా దాని అంచుకు గుద్దుకుంటుంది. పైగా 32 తూటాలూ కుక్కితే అడుగున స్ప్రింగ్ పూర్తిగా నలిగిపోయి, పైనున్న తూటాలు కదలడానికే మొరాయిస్తాయి.

సైనికులు కనిపెట్టిన చిట్కా, పెట్టె నిండా నింపకపోవడం. 32 పట్టే దాంట్లో 30, చాలామంది అయితే 28 దగ్గరే ఆపేసేవారు. నాలుగు తూటాలు తగ్గినా పర్వాలేదు, ఉన్న ఇరవై ఎనిమిదీ వస్తే చాలన్నది వాళ్ల లెక్క. ఇక ఫ్యాక్టరీ వైపు నుంచి, ఎంపీ38 కాలంలో పక్కలు నున్నగా ఉన్న జర్మన్ మ్యాగజైన్‌కు తర్వాత నిలువు గాడులు నొక్కారు. దాంతో రేకు గట్టిపడింది. సొట్టల బెడద కొంత తగ్గింది కానీ మూతి ఇరుకు అలాగే ఉండిపోయింది.

ఈ సందర్భంలో ప్రాగ్ సంగతి చెప్పకుండా ఉండలేం. 1942 మే 27న నాజీ అధికారి హైడ్రిష్ కారుకు అడ్డంగా వచ్చి, అతణ్ని చంపడానికి వచ్చిన చెకోస్లోవాక్ సైనికుడు గాబ్చిక్ స్టెన్ ఎక్కుపెట్టాడు. అది పేలలేదు. అతని సహచరుడు కుబిష్ విసిరిన బాంబు వల్ల తగిలిన గాయాలతో హైడ్రిష్ జూన్ 4న చనిపోయాడు. ఆ రోజు ఆగింది మ్యాగజైన్ వల్లేనని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. రుజువు మాత్రం లేదు. స్టెన్ కథల్లో ప్రతి తప్పునూ మ్యాగజైన్ నెత్తిన రుద్దడం కూడా సరికాదు.

సమస్య: నేల మీద పెట్టి చూస్తే బాగుంది, పట్టుకుని కాలిస్తే ఆగుతోంది

కారణం ఎడమ చేతిలో ఉంది. స్టెన్‌కు మ్యాగజైన్ ఎడమ పక్కకు అడ్డంగా ఉంటుంది. చూడగానే అదే పిడి అనిపిస్తుంది. కొత్తవాడు దాన్నే గట్టిగా పట్టుకుంటాడు. పట్టుకుని గుంజే కొద్దీ మ్యాగజైన్ దాని గూట్లో అటూ ఇటూ ఊగుతుంది, తూటా లోపలికి వెళ్లే కోణం మారుతుంది. కొన్నాళ్లకు గూడే వదులైపోతుంది. అప్పుడు కొత్త మ్యాగజైన్ పెట్టినా లాభం లేదు.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. చెయ్యి బ్యారెల్ చుట్టూ ఉన్న చిల్లుల తొడుగు మీద ఉండాలి, మ్యాగజైన్ ముంజేతి మీద ఊరికే ఆనాలి. సినిమాల్లో, ఫొటోల్లో మాత్రం ఇప్పటికీ మ్యాగజైన్ పట్టుకునే కాలుస్తారు. అది చూసి నేర్చుకున్నవాళ్లు ఎంతమందో! 1944లో వచ్చిన స్టెన్ మార్క్ 5కు మొదట్లో ముందు వైపు చెక్క పిడి కూడా పెట్టారు.

సమస్య: ఇరవై తూటాల తర్వాత బొటనవేలు ఒప్పుకోవట్లేదు

రెండు వరసలు ఒకటయ్యే మ్యాగజైన్‌కు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. ప్రతి తూటానూ కింది తూటా మీద నొక్కిపట్టి, వెనక్కి జరిపి దూర్చాలి. సగం నిండాక వేలు వాచిపోతుంది. అందుకే స్టెన్, ఎంపీ40, అమెరికన్ ఎం3 మూడింటికీ నింపే సాధనం విడిగా ఇచ్చారు. ఎంపీ40 మ్యాగజైన్లు పెట్టుకునే పౌచ్ (సంచి) జతలో ఒకదానికి పక్కన చిన్న జేబు కనిపిస్తుంది, అది ఈ సాధనం కోసమే. ఆ సాధనం పోగొట్టుకున్నవాడి బాధ వాడికే తెలియాలి.

సమస్య: మ్యాగజైన్ పౌచ్‌లో పడుతోంది, మూత మాత్రం పడట్లేదు

బ్రిటిష్ 1937 నమూనా వెబ్బింగ్‌లో, అంటే సైనికుడు ఒంటికి తగిలించుకునే పట్టీలు, సంచుల జతలో, ఛాతీకి అటూ ఇటూ ఉండే రెండు పెద్ద పౌచ్‌లు బ్రెన్ అనే తేలికపాటి మెషిన్ గన్ మ్యాగజైన్లను దృష్టిలో పెట్టుకుని కుట్టినవి. అప్పటికి స్టెన్ ఇంకా పుట్టలేదు. 1941లో స్టెన్ వచ్చింది. దాని మ్యాగజైన్ సన్నగా, పొడవుగా ఉంటుంది. పాత పౌచ్‌లో పెడితే తల బయటికి పొడుచుకొచ్చి, మూత బొత్తాం దగ్గరికి చేరదు. మూత తెరిచి ఉందంటే పాకేటప్పుడు మ్యాగజైన్ జారిపోవచ్చు, లేదా మూతిలో మట్టి పడొచ్చు. ఆ మట్టి సంగతి పైన చెప్పుకున్నాం.

పరిష్కారంగా పౌచ్ పొడవునే పెంచారు. మార్క్ 3 పౌచ్ పాతదానికంటే సుమారు అంగుళం ఎక్కువ. ఒక అంగుళం గుడ్డ కోసం సైన్యం కొత్త నమూనా ఆమోదించాల్సి వచ్చింది.

పారాట్రూపర్లకు అదీ చాలలేదు. వాళ్లకు ఏడు మ్యాగజైన్లు పట్టే, అడ్డంగా తగిలించుకునే గుడ్డ బాండోలియర్ (జేబుల పట్టీ) ఇచ్చారు. ఏడు జేబులూ పక్కపక్కనే ఉండటంతో బరువు ఒకేచోట కాకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. జర్మన్లది మరో దారి: మూడు గదుల పౌచ్‌లు రెండు, బెల్ట్‌కు చెరో పక్కన, మొత్తం ఆరు. నిలబడితే చూడముచ్చటగా ఉంటుంది. బోర్లా పడుకుంటే మాత్రం ఆరు పొడవాటి ఇనుప పెట్టెలు పొట్టకూ నేలకూ మధ్య చేరతాయి.

సమస్య: నడిస్తే లొడలొడ శబ్దం (థాంప్సన్ డ్రమ్)

1940లో అమెరికన్ సబ్‌మెషిన్ గన్ థాంప్సన్ పట్టుకున్న చర్చిల్ ఫొటో గుర్తుందా? అందులో తుపాకీ కింద గుండ్రంగా ఉన్నదే 50 తూటాల డ్రమ్. ఫొటోకు బాగుంది, జర్మన్ ప్రచారకులకు కూడా భలే పనికొచ్చింది. పహారాకు వెళ్లే సైనికుడికి మాత్రం గండం. లోపల తూటాలు స్ప్రింగ్ మీద వదులుగా కదులుతూ చప్పుడు చేస్తాయి. రాత్రిపూట శత్రువుకు అదే పిలుపు. నిండు డ్రమ్ బరువు రెండు కిలోల పైమాటే. పక్క నుంచి జరిపి ఎక్కించాలి, అది కూడా బోల్ట్ (తూటాను బ్యారెల్‌లోకి నెట్టే ముక్క) వెనక్కి లాగి ఉంటేనే. హడావిడిలో చేసే పని కాదు.

పరిష్కారం: డ్రమ్‌ను పక్కన పెట్టేయడం. 20 తూటాల పెట్టె, తర్వాత 30 తూటాలది వచ్చాయి. 1942 నాటి ఎం1 నమూనాలో డ్రమ్ పట్టే వీలే తీసేశారు. ఇరవైవి ఐదు పట్టే పౌచ్, ముప్పైవి మూడు పట్టే పౌచ్ అమెరికన్ల బెల్ట్‌లకు ఎక్కాయి. బర్మాలో, ఇటలీలో భారత సైనికుల చేతుల్లోనూ థాంప్సన్ ఉండేది. ఇంకో మంచి గుణం కూడా ఉంది. థాంప్సన్ పెట్టెలో రెండు వరసలూ మూతి దాకా రెండుగానే వచ్చి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి తూటా అందుతుంది. క్యూకు రెండు గేట్లన్నమాట. అందుకే దాని మీద జామ్ ఫిర్యాదులు తక్కువ. స్టెన్‌ను రెండు పౌండ్ల చిల్లరకే తయారు చేయడానికి తంటాలు పడినవాళ్లు ఈ ఒక్కటీ అరువు తెచ్చుకుని ఉంటే బాగుండేదనిపిస్తుంది నాకు.

సమస్య: డెబ్బై ఒక్క తూటాలు నింపినా డ్రమ్ మొండికేస్తోంది (పీపీఎస్‌హెచ్-41)

సోవియట్లు ఫిన్లాండ్ యుద్ధంలో ఫిన్నిష్ సుయోమి తుపాకీ డ్రమ్ దెబ్బ రుచి చూసి, అదే పద్ధతిని తమ సబ్‌మెషిన్ గన్ పీపీఎస్‌హెచ్-41కు తెచ్చుకున్నారు. 71 తూటాలు, నిండితే దాదాపు 1.8 కిలోలు. కారణం మళ్లీ అదే అత్యాశ. 65 దాటి నింపితే ఇరుక్కునే అవకాశం ఎక్కువ. తెలిసినవాళ్లు కొంచెం వెలితి ఉంచేవారు.

నింపడం కూడా చిన్న పని కాదు. మూత తీయాలి, స్ప్రింగ్ తిప్పాలి, తూటాలను ఒక్కొక్కటిగా నిలబెట్టి చుట్టూ పేర్చాలి. గడ్డకట్టే చలిలో, తడి చేతి తొడుగులతో ఇది చేసి చూడండి! అదీ కాక తొలినాళ్ల డ్రమ్‌లను ఏ తుపాకీకి ఆ తుపాకీకి సరిచేసి పంపేవారు. పక్కవాడి డ్రమ్ మన తుపాకీకి సరిపోతుందన్న భరోసా లేదు. ‘ఎక్కట్లేదు’ అనే ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది తుపాకీ నంబరు, డ్రమ్ నంబరు కలిశాయా లేదా అని.

1942లో 35 తూటాల వంపు పెట్టె వచ్చింది. మొదట్లో దాని రేకు మందం అర మిల్లీమీటరే. సైనికుడు దాని మీద మోచెయ్యి ఆనిస్తే చాలు, వంగేది. తర్వాత మందం మిల్లీమీటరుకు పెంచాక కుదుటపడింది. గుండ్రటి గుడ్డ సంచి స్థానంలో మూడు పెట్టెలు పట్టే పౌచ్ వచ్చింది.

సమస్య: తూటా అదే, లెక్క కూడా 35, అయినా పట్టట్లేదు

మీ చేతిలో ఉన్నది పీపీఎస్-43 మ్యాగజైన్. దిగ్బంధంలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లో సుదాయెవ్ రూపకల్పనతో తయారైన మరో సోవియట్ తుపాకీ అది. దానిదీ పీపీఎస్‌హెచ్‌దీ ఒకదానికొకటి మారవు. దీనికి రిపేరు లేదు, సరైనది వెతుక్కోవడమే. జర్మన్లు మాత్రం పట్టుబడ్డ పీపీఎస్‌హెచ్‌లకు 9 మిల్లీమీటర్ల బ్యారెల్, ఒక అడాప్టర్ వేసి, తమ ఎంపీ40 మ్యాగజైన్ పట్టేలా చేసుకున్నారు. ఆ బ్యారెల్‌తోపాటు ఎంపీ40 జబ్బునూ ఎక్కించుకున్నట్టే.

అవతలివాడి 71 చూసి వాళ్లు చేసిన ఇంకో పని ఎంపీ40కు రెండు మ్యాగజైన్లు పక్కపక్కనే తగిలించడం. ఒకటి అయిపోతే గూడు జరిపితే చాలు, మొత్తం 64. బరువు, ఆగిపోవడం, రెండూ పెరిగాయి. ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది. అమెరికాలో యూడీ ఎం42 అనే సబ్‌మెషిన్ గన్‌కు రెండు 20 తూటాల మ్యాగజైన్లను తలకిందులుగా జతచేసి ఇచ్చేవారు. మార్చడం చిటికెలో పని. కానీ కింద ఉన్నదాని మూతి తెరిచే ఉంటుంది. బోర్లా పడుకున్నప్పుడు అదే ముందు మట్టిలో దిగుతుంది.

సమస్య: బురదలో పడ్డాక పనిచేయట్లేదు

న్యూ గినీలో ఆస్ట్రేలియన్లకు రోజూ ఇదే. అక్కడ గెలిచింది వాళ్ల సొంత తుపాకీ ఓవెన్ గన్. మ్యాగజైన్ నెత్తిన, నిలువుగా ఉంటుంది. 33 తూటాలు పైనుంచి కిందికి దిగుతాయి, ఖాళీ తొడుగులు అడుగు నుంచి బయట పడతాయి, వాటితోపాటు మట్టి కూడా. ఖాళీ తొడుగును బయటికి తన్నే ముక్కను మ్యాగజైన్ వెనకే అమర్చారు. స్టెన్ మార్క్ 2లో ఇంకో ఉపాయం ఉంది. వాడనప్పుడు మ్యాగజైన్ గూటిని కిందికి తిప్పితే ఖాళీ తొడుగులు బయటపడే కంత మూసుకుపోతుంది. ఈ సంగతి తెలియక దాన్ని పక్కకే ఉంచి మట్టి నింపుకున్నవాళ్లు ఉన్నారు.

చివరికి బ్రిటిష్ వాళ్లు ఏం చేశారు?

స్టెన్ స్థానంలో వచ్చిన స్టెర్లింగ్ తుపాకీ రూపకర్త జార్జ్ ప్యాచెట్ దాని మ్యాగజైన్‌ను మొదటి నుంచీ కొత్తగా ఆలోచించాడు. 34 తూటాలు, కాస్త వంపు, మూతి దాకా రెండు వరసలే. తూటాలను కింది నుంచి నెట్టే రేకు పలక తీసేసి రెండు చిన్న రోలర్లు పెట్టాడు. పలక అయితే గోడకు రాసుకుంటూ మట్టి దగ్గర ఆగిపోతుంది, రోలర్ దొర్లిపోతుంది. నింపడానికి బొటనవేలు చాలు. 1953లో స్టెర్లింగ్ బ్రిటిష్ సైన్యంలోకి వెళ్లింది. మనదేశంలో కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో ఇదే 1ఏ1 కార్బైన్‌గా తయారైంది. మనవాళ్లు స్టెన్‌గన్ అని పిలిచేది చాలాసార్లు దీన్నే.

స్టెర్లింగ్ గూట్లో పాత స్టెన్ మ్యాగజైన్ కూడా పడుతుంది. పెట్టుకోవచ్చు. నింపేటప్పుడు మాత్రం 28 దగ్గర ఆగాలి.